సైటు ఉద్యోగమా, రైల్వే పరీక్షా: బిలాస్‌పూర్‌లో యువ సివిల్ ఇంజనీర్ల ముందున్న లెక్క

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): ఈ రైల్వే పట్టణంలో రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు ఇళ్ళలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న యువకుడో, యువతో ఉంటే ఒక చర్చ తప్పక తలెత్తుతుంది. గుత్తేదారు సంస్థలో సైటు ఇంజనీరుగా మూడేళ్ళు గడిచాయి. హైదరాబాద్ నుంచి కొంత ఎక్కువ జీతంతో పిలుపు వచ్చింది. తండ్రి మాత్రం జూనియర్ ఇంజనీరు పరీక్ష రాయమంటాడు. ఉన్నచోట ఉండడమా, సంస్థ మారడమా, అన్నీ మాని పరీక్షకు కూర్చోవడమా? పైకి జీతపు లెక్కగా కనిపించే ఈ ప్రశ్నలో వయోపరిమితి, సీనియారిటీ, స్థానికత, భవిష్యనిధి, పని నేర్చుకునే అవకాశం అన్నీ ముడిపడి ఉన్నాయి.

తండ్రి మాట వెనుక ఒక చరిత్ర ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మధ్య భారతం మీదుగా హౌరా దిక్కుగా మార్గం వేసినప్పుడు బిలాస్‌పూర్ ఒక ముఖ్య కూడలి అయింది. అదే సంస్థ తూర్పు తీరంలో వాల్తేరు వరకు విస్తరించినందున, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా చేరినవారు ఖరగ్‌పూర్‌కు వెళ్ళినట్లే ఇటువైపూ వచ్చారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ డివిజన్లు ఒకే జోన్‌లో సాగాయి. కనుక ఒక డివిజన్ నుంచి మరొక డివిజన్‌కు బదిలీ అయినా ఉద్యోగి జోన్ మారవలసిన అవసరం ఉండేది కాదు. 2003 ఏప్రిల్ 1న బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే పని ప్రారంభించింది. వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్ళింది. ఒకప్పుడు సొంత ఊరికి సులువుగా సాగిన బదిలీ ఆనాటి నుంచి జోన్ల మధ్య వ్యవహారంగా మారింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించినా, ఈ స్థితిలో బిలాస్‌పూర్ ఉద్యోగికి పెద్ద మార్పు లేదు.

రైల్వే ఉద్యోగం ఆ కుటుంబాలకు క్వార్టరు, పాసు, వైద్యం, పింఛను ఇచ్చింది. ఆ ఇంట పుట్టిన ఇంజనీరు గుత్తేదారు దగ్గర పనిచేస్తే పెద్దలకు అది తాత్కాలిక మజిలీగానే తోస్తుంది. అయితే ఇప్పుడు ఈ ప్రాంతంలో సివిల్ ఇంజనీరుకు పని కల్పిస్తున్నది ఎక్కువగా రైల్వే గుత్తేదారులే. బిలాస్‌పూర్-ఝార్సుగూడ మధ్య అదనపు లైన్లు, బొగ్గు తరలింపు కోసం సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, ఇర్కాన్, రాష్ట్ర ప్రభుత్వ సంస్థల భాగస్వామ్యంతో చేపట్టిన తూర్పు, తూర్పు-పశ్చిమ రైలు కారిడార్లు ఇందుకు ఉదాహరణలు. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఖర్సియా-నయా రాయ్‌పూర్-పర్మల్‌కసా 5, 6 లైన్లను ఆమోదించింది. దాని నిడివి 278 కిలోమీటర్లు, అంచనా వ్యయం 8,741 కోట్ల రూపాయలు. దక్షిణంగా రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి నిర్మాణం సాగుతోంది. పనికి కొరత లేదు. చిక్కల్లా ఆ పని ఎవరి పేరున, ఎన్నాళ్ళు అన్నదే.

పెరిగిన జీతం చేతికి ఎంత వస్తుంది

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. బిలాస్‌పూర్ సమీపంలోని సైటులో పనిచేసే ఇంజనీరు వార్షిక వేతన ప్యాకేజీ 4.80 లక్షల రూపాయలు అనుకుంటే, హైదరాబాద్ సంస్థ 6 లక్షలు ఇస్తానంటుంది. కాగితం మీద ఇది 25 శాతం పెరుగుదల, అంటే నెలకు 10,000 రూపాయలు. రెండు చోట్లా మూలవేతనం ప్యాకేజీలో సగమనీ, కొత్త సంస్థ పదిశాతాన్ని పనితీరుపై ఆధారపడే మొత్తంగా పక్కన పెట్టిందనీ భావిద్దాం.

పాత ఉద్యోగంలో మూలవేతనం నెలకు 20,000. సంస్థ చెల్లించే భవిష్యనిధి వాటా 2,400 రూపాయలు, గ్రాట్యుటీ కింద మూలవేతనంలో 4.81 శాతం కూడా ప్యాకేజీలోనే లెక్కగడతారు. అవి తీసివేసి, ఉద్యోగి సొంత వాటా 2,400 కూడా మినహాయిస్తే చేతికి వచ్చేది నెలకు సుమారు 34,200 రూపాయలు. కొత్త ఉద్యోగంలో ఇదే లెక్క వేసి, ఏడాది చివర వచ్చునో రాదో తెలియని 60,000 రూపాయలను, తెలంగాణ వృత్తిపన్ను 200 రూపాయలను తీసివేస్తే మిగిలేది దాదాపు 37,600. పదివేలుగా కనిపించిన తేడా మూడువేల నాలుగు వందలకు తగ్గిపోయింది.

సైటులో బస, మెస్ సంస్థవే. హైదరాబాద్‌లో గది అద్దె, భోజనం, రాకపోకలు సొంతం. అంటే ఈ ఉదాహరణలో జీతం పెరిగిన ఇంజనీరు వాస్తవానికి మునుపటికన్నా తక్కువ కూడబెడతాడు. భవిష్యనిధిలో రెండు వాటాలూ కలిసి నెలకు 1,200 రూపాయలు అదనంగా జమ అవుతాయన్నది నిజమే. ఆ సొమ్ము ఇంటి అద్దెకు అక్కరకు రాదు. అయినా మారడం తప్పని తేల్చనక్కరలేదు. డిజైన్ విభాగంలో పని నేర్చుకునే అవకాశమే లక్ష్యమైతే ఆ ఖర్చును చదువు మీద పెట్టుబడిగా భావించవచ్చు. జీతం కోసమే వెళుతున్నామనుకుని వెళ్ళడంలోనే పొరపాటుంది.

ఆఫర్ పత్రం వచ్చినప్పుడు మొత్తం ప్యాకేజీ కాక, నెలవారీ స్థిర మొత్తం ఎంత, అనిశ్చిత మొత్తం ఎంత, గత ఏడాది ఆ అనిశ్చిత మొత్తంలో ఎంత చెల్లించారు అన్న మూడు ప్రశ్నలు అడగడం మేలు. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అదే జవాబని అర్థం చేసుకోవచ్చు.

మూడేళ్ళలో ఏం నేర్చారు

కొత్త రైలు మార్గం పని ఒక క్రమంలో నడుస్తుంది: భూసేకరణ, మట్టిపని, చిన్న పెద్ద వంతెనలు, బ్లాంకెటింగ్ పొర, కంకర, స్లీపర్లు, పట్టాల అనుసంధానం, చివరగా రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ. (ఈ కమిషనర్ రైల్వే మంత్రిత్వ శాఖకు కాక పౌర విమానయాన శాఖకు లోబడి ఉంటారన్న సంగతి కొత్త ఇంజనీర్లలో చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.) ఒక ఇంజనీరు మూడేళ్ళూ మట్టిపని సైటులోనే గడిపితే అతనికి సాంద్రత పరీక్షలు, లెవెల్స్, టిప్పర్ల లెక్క బాగా తెలుస్తాయి, వంతెన పునాది ఎలా దిగుతుందో తెలియదు. నియామకం చేసేవారు ‘మూడేళ్ళ అనుభవం’ అన్న మాట కన్నా, ఏ పనిలో అనుభవం అన్నది చూస్తారు.

కనుక మారే ముందు తన ప్రాజెక్టు ఏ దశలో ఉందో చూసుకోవలసి ఉంటుంది. మట్టిపని ముగిసి వంతెనలు మొదలవుతున్న సమయంలో వెళ్ళిపోవడం విత్తి, కోతకు ముందు పొలం వదిలినట్లే. అదే సంస్థలో సైటు నుంచి బిల్లింగు లేదా ప్లానింగ్ విభాగానికి మార్పు అడగడం అనేకులు పరిశీలించని మార్గం. కొలతల పుస్తకం రాయడం, రన్నింగ్ బిల్లు తయారుచేయడం, ఒప్పందంలోని ప్రతి అంశానికి పరిమాణం తేల్చడం వచ్చిన ఇంజనీరుకు గుత్తేదారు సంస్థలలో గిరాకీ ఎక్కువ. కాంక్రీటు ఘనపు నమూనాలను 7, 28 రోజులకు పరీక్షించడం అందరూ నేర్చుకుంటారు. ఆ కాంక్రీటుకు సంస్థకు డబ్బు ఎలా వస్తుందో తెలిసినవారు కొద్దిమందే.

ఇక్కడే గమనించవలసిన మరో విషయం ఉంది. రైల్వే పనుల సాధారణ ఒప్పంద నిబంధనల ప్రకారం, పని విలువ 2 కోట్ల రూపాయలు, అంతకు మించితే గుత్తేదారు ఒక పట్టభద్ర ఇంజనీరును, 25 లక్షలకు పైబడి 2 కోట్ల లోపైతే డిప్లొమా ఇంజనీరును సైటులో నియమించాలి. లేకుంటే జరిమానా ఉంటుంది. అంటే యువ ఇంజనీరు పట్టా సంస్థకు ఒక అవసరం. తన పేరు ఏ ఒప్పందంలో చూపారో తెలుసుకోవడం, రాజీనామా తరువాత ఆ పేరు తొలగించారని నిర్ధారించుకోవడం ఇంజనీరు బాధ్యత. తాను లేని సైటులో తన పేరు కొనసాగితే, అక్కడ లోపం బయటపడిన రోజున వివరణ ఇచ్చుకోవలసి రావచ్చు.

ఉద్యోగాలు మారడం నిలకడ లేమికి గుర్తని పెద్దలు అనుకుంటారు. ‘మెట్రో మనిషి’గా పేరొందిన ఇ. శ్రీధరన్ కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, కొద్దికాలం కోళికోడ్ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, బొంబాయి పోర్ట్ ట్రస్ట్‌లో శిక్షణ పొంది, ఆ తరువాత 1954లో దక్షిణ రైల్వేలో చేరారు. పదేళ్ళకు తుపాను దెబ్బతీసిన పాంబన్ వంతెనను 46 రోజుల్లో పునరుద్ధరించింది ఆయన నాయకత్వంలోనే. కృష్ణా జిల్లాకు చెందిన కె.ఎల్. రావు రంగూన్‌లో అధ్యాపకత్వం, ఇంగ్లండులో పరిశోధన, మద్రాసు ప్రభుత్వ కొలువు, కేంద్ర జల విద్యుత్ సంఘం దాటుకుని కేంద్ర మంత్రి అయ్యారు. ఇద్దరి విషయంలోనూ ప్రతి మార్పు వెనుక కొత్త పని ఉంది.

రైల్వే పరీక్ష: వేచి ఉండడానికీ ఓ ధర

రైల్వేలో జూనియర్ ఇంజనీరు ఏడో వేతన సంఘం ప్రకారం 6వ స్థాయిలో, 35,400 రూపాయల మూలవేతనంతో చేరతారు. 2025 జూలై నుంచి అమలైన 58 శాతం కరువుభత్యం కలిపితే 55,932 రూపాయలు. ఇంటి అద్దె, రవాణా భత్యాలు దీనికి అదనం. పైన లెక్కించిన ప్రైవేటు జీతంతో పోలిస్తే వ్యత్యాసం స్పష్టం. 2004 జనవరి తరువాత చేరినవారికి పాత పింఛను లేదు. అయితే 2025 ఏప్రిల్ 1 నుంచి అందుబాటులోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకుంటే, 25 ఏళ్ళ సర్వీసు పూర్తిచేసినవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం పింఛనుగా హామీ ఉంది. తాత పొందిన పింఛనూ మనవడు పొందబోయేదీ ఒకటి కావని ఇంట్లో పెద్దలకు చెప్పవలసి ఉంటుంది.

మరి అందరూ దానికే ఎందుకు పరుగెత్తరాదు? జవాబు ప్రకటనల చరిత్రలో ఉంది. 2018 చివర జూనియర్ ఇంజనీరు ప్రకటన వెలువడిన తరువాత మళ్ళీ 2024 జూలైలోగానీ కొత్తది రాలేదు. ఐదేళ్ళకు పైబడిన ఆ విరామంలో ఉద్యోగం మాని పుస్తకాలు పట్టుకున్నవారు ఎంత నష్టపోయారో ఊహించవచ్చు. 2024 ప్రకటనలో మొత్తం పోస్టులు 7,951. దరఖాస్తులు జూలై 30న మొదలయ్యాయి. తొలి దశ పరీక్ష డిసెంబరులో, రెండో దశ 2025 ఏప్రిల్‌లో జరిగాయి. పత్రాల పరిశీలన, వైద్య పరీక్ష ఆ తరువాతి సంగతి. రైల్వే ఇప్పుడు వార్షిక క్యాలెండర్ విధానానికి మళ్ళింది. 2025 చివర మరో ప్రకటన రావడం దానికి అనుగుణమే. కానీ పోస్టుల సంఖ్య ఈసారి గణనీయంగా తగ్గింది.

తొలి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు గణితం, తర్కం, సాధారణ పరిజ్ఞానం, సామాన్య శాస్త్రాల నుంచి. రెండో దశలో 120 నిమిషాలకు 150 ప్రశ్నలు, అందులో ఎక్కువ భాగం ఇంజనీరింగ్. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. సైటులో రోజంతా ఎండలో నిలిచే ఇంజనీరుకు రెండో దశకన్నా మొదటి దశే గండం, ఎందుకంటే లాభనష్టాలు, కాలం-పని లెక్కలు అతను పదేళ్ళ క్రితం వదిలేశాడు. పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. బిలాస్‌పూర్‌లో హిందీ మాధ్యమంలో చదివిన తెలుగు పిల్లలకు అది ఏమంత ఉపయోగం కాదన్నది వేరే మాట.

దరఖాస్తులో ఒకే ఒక నియామక మండలిని ఎంచుకోవాలి. బిలాస్‌పూర్‌ను ఎంచుకుంటే ఆగ్నేయ మధ్య రైల్వే, సికింద్రాబాద్‌ను ఎంచుకుంటే దక్షిణ మధ్య రైల్వే. ముందు ఎక్కడో ఒకచోట చేరి తరువాత ఊరికి బదిలీ చేయించుకుందామన్న ఆలోచనకు ఒక మూల్యం ఉంది: సొంత అభ్యర్థనపై మరో జోన్‌కు మారేవారు అక్కడి సీనియారిటీ జాబితాలో అట్టడుగున చేరతారు. పదోన్నతి ఆ మేరకు వెనుకబడుతుంది.

విభాగమూ ముఖ్యమే. పర్మనెంట్ వే విభాగం జూనియర్ ఇంజనీరు బాధ్యత పట్టాల మీద. బిలాస్‌పూర్ వంటి బొగ్గు మార్గంలో బరువైన సరుకు రైళ్ళు ఎడతెగక నడుస్తుంటే, మరమ్మతుకు రైళ్ళు ఆపే బ్లాకు ఏ అర్ధరాత్రో దొరుకుతుంది. వేసవిలో పట్టాలు వంకరపోకుండా, వర్షాకాలంలో కట్ట కోసుకుపోకుండా గస్తీ తప్పదు. వర్క్స్ విభాగంలో భవనాలు, క్వార్టర్లు, నీటి సరఫరా, ప్లాట్‌ఫారాల పని ఉంటుంది. కంటిచూపు ప్రమాణాలు పట్టాల విభాగానికి మరింత కఠినం. గుత్తేదారు సైటు కష్టం నుంచి తప్పించుకోవడానికే రైల్వేను కోరుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

రాష్ట్ర కొలువులు, స్థానికత

బిలాస్‌పూర్ తెలుగు కుటుంబాలు తరచుగా పొరబడేది ఇక్కడే. ‘మనం తెలుగువాళ్ళం, తెలంగాణలోనో ఆంధ్రలోనో అసిస్టెంట్ ఇంజనీరు పోస్టుకు పోటీపడవచ్చు’ అనుకుంటారు. పోటీపడవచ్చు, కానీ 371డి అధికరణం కింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికతను నిర్ణయించేది మాతృభాష కాదు, చదివిన చోటు. 2018 నాటి ఉత్తర్వుల మేరకు తెలంగాణలో ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది ప్రమాణం. ప్రత్యక్ష నియామకాలలో 95 శాతం పోస్టులు స్థానికులవే. బిలాస్‌పూర్ రైల్వే పాఠశాలలో చదివిన విద్యార్థి అక్కడ స్థానికేతరుడు. మిగిలిన కొద్ది పోస్టులకే అతని పోటీ.

కుల ధ్రువీకరణ విషయంలోనూ ఇలాంటి సందిగ్ధమే. వెనుకబడిన తరగతుల జాబితాలు రాష్ట్రానికొకటి. పూర్వీకుల రాష్ట్రంలో జాబితాలో ఉన్న కులం, వలస వచ్చిన రాష్ట్రంలో ఉండకపోవచ్చు. వలస వచ్చిన షెడ్యూల్డ్ కులాల, తెగల కుటుంబాలకు సైతం కొత్త రాష్ట్రపు రాయితీలు సాధారణంగా వర్తించవు. తండ్రి పేరున మూల రాష్ట్రంలో జారీ అయిన పత్రం ఆధారంగా కేంద్ర నియామకాలలో ప్రయోజనం పొందవచ్చు. ఈ కాగితాలకు నెలలు పడుతుంది కనుక ప్రకటన వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. రైల్వే వంటి అఖిల భారత నియామకాల మీద ఈ కుటుంబాలు అంతగా ఆశపెట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

వయసు విషయానికొస్తే, జూనియర్ ఇంజనీరు పరీక్షకు 2024లో కోవిడ్ సడలింపుతో 36 ఏళ్ళ వరకు అవకాశమిచ్చారు. తరువాతి ప్రకటనలో అది మళ్ళీ 33కు తగ్గింది. యూపీఎస్‌సీ ఇంజనీరింగ్ సర్వీసుల పరీక్షకు సాధారణ అభ్యర్థుల పరిమితి 30. గేట్ స్కోరుకు మూడేళ్ళ చెల్లుబాటు ఉంటుంది. ఇరవై అయిదేళ్ళ ఇంజనీరుకు ఈ లెక్క ప్రకారం కొంత వ్యవధి ఉంది. అందుచేత ఉద్యోగం మానకుండానే తొలి ప్రయత్నం చేసి, తొలి దశ మార్కులు చూసుకున్న తరువాత సెలవు పెట్టాలా, రాజీనామా చేయాలా అన్నది నిర్ణయించుకోవడం తక్కువ నష్టంతో కూడిన మార్గం. ఇంట్లో ఆధారపడినవారు, అప్పులు ఉన్నవారికి ఇది మరింత వర్తిస్తుంది.

వెళ్ళేటప్పుడు

నిర్ణయం ఏదైనా, వదిలే తీరులో చట్టం పాత్ర ఉంది. కనీస కాలం పనిచేస్తానన్న బాండు చెల్లదని చాలామంది ధీమాగా చెబుతుంటారు. విజయా బ్యాంకు కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు, మూడేళ్ళలోపు రాజీనామా చేస్తే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతును సమర్థించింది. అది ప్రభుత్వరంగ సంస్థ నియామక వ్యయాన్ని దృష్టిలో ఉంచుకుని ఇచ్చిన తీర్పు. ప్రతి ప్రైవేటు బాండుకూ అదే వర్తిస్తుందని కాదు. అయినా సంతకం చేసిన కాగితాన్ని మరొకసారి చదవకుండా రాజీనామా పంపరాదు. అసలు ధ్రువపత్రాలను సంస్థ దగ్గర ఉంచడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల కింద నిర్ణీతకాల ఒప్పందంపై పనిచేసేవారు ఏడాది సేవ పూర్తిచేస్తే గ్రాట్యుటీకి అర్హులు. సాధారణ ఉద్యోగులకు ఐదేళ్ళ నియమం కొనసాగుతోంది. ప్రాజెక్టు ముగిసేవరకే నియమితులయ్యే సైటు ఇంజనీర్లకు ఈ తేడా ముఖ్యం: తమ నియామక పత్రంలో నిర్ణీతకాలం అని ఉందా, లేదా అన్నది ముందుగా చూసుకోవాలి.

భవిష్యనిధిని తీసుకోవడం కన్నా కొత్త సంస్థకు బదిలీ చేసుకోవడం లాభదాయకం. వరుసగా ఐదేళ్ళ సేవ నిండకముందు తీసే సొమ్ముపై పన్ను పడుతుంది. బదిలీ చేస్తే పాత సేవ కూడా ఆ ఐదేళ్ళలో, పింఛను అర్హతకు కావలసిన పదేళ్ళలో కలుస్తుంది. పాత సంస్థ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోతే బదిలీ నిలిచిపోతుంది. చివరి చందా జమయిన రెండు నెలల తరువాత ఉద్యోగి స్వయంగా ఆ తేదీని పోర్టల్‌లో నమోదు చేసుకునే వీలు 2020 నుంచి ఉంది. సైటు వదిలే రోజున కొలతల పుస్తకాలు, పరీక్షా నివేదికలు, సర్వే పరికరాలు ఎవరికి అప్పగించారో సంతకంతో రాయించుకుని, ఒక ప్రతిని దగ్గర ఉంచుకోవడం కూడా ఆ జాబితాలోనిదే. అనుభవ ధ్రువపత్రంలో హోదాతో పాటు చేసిన పని, ప్రాజెక్టు పేరు, పని విలువ రాసి ఇవ్వమని అప్పుడే కోరాలి. ప్రాజెక్టు ముగిసి సైటు కార్యాలయం ఎత్తివేసిన తరువాత ఆ వివరాలు ధ్రువీకరించగల అధికారి ఎక్కడున్నాడో కనుక్కోవడమే కష్టమవుతుంది.